ప్రయాణం, ఇంకా ఇక్కడేనా?

తడిపిన దుప్పటి మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే బుస్సుమని ఆవిరి లేచి ప్రయాణం మొహానికి కొట్టింది. కళ్ళద్దాలు మసకబారాయి. అతను తుడుచుకోలేదు. తుడిచినా ఎంతసేపు, మళ్ళీ ఇంకో బుస్సు. ఎడమచేత్తో గుడ్డ లాగడం, కుడిచేత్తో పెట్టె తొయ్యడం, మూల రాగానే మొనతో చిన్న పోటు పొడిచి మడత వెయ్యడం. కళ్ళు మూసుకున్నా జరిగిపోయే పని అది. కళ్ళకి ఇవాళ వేరే పని ఉంది మరి. చొక్కా జేబులో ఉన్న ఫోనుకేసి ఊపిరికోసారి చూడాలి.

అక్క ఉంటున్న ఊళ్ళోని విశ్వవిద్యాలయం ఇవాళ జవాబు చెబుతుంది. ఇక్కడ చదువుతున్నవాణ్ణి అక్కడికి మార్చుకుంటారా, మార్చుకోరా అన్నది. పోయినేడాది అడిగితే కుదరదన్నారు. ఈ ఏడాది మళ్ళీ అడిగాడు. మూడోసారి అడగడానికి వాళ్ళ నియమాలు ఒప్పుకోవు. ఇవాళ అవునంటే అవును. కాదంటే ఇక ఈ గది, ఈ ఆవిరి, ఈ దుప్పట్లు.

ఈ సంగతి హాస్టల్లో ఒక్క పురుగుకి కూడా తెలియదు. తెలియనివ్వలేదు. ఎందుకంటే ప్రయాణం అనే పేరు అతనికి తగులుకున్నదే ఇలాంటి సంగతి తెలియనిచ్చినందుకు.

పుట్టుకతో అతనేమీ ప్రయాణం కాడు. పోయినేడాది దాకా మామూలు మనిషే. పొడుగ్గా ఉంటాడు. గుమ్మం లేని చోట కూడా తలకేదో తగులుతుందన్నట్టు వంగి నడుస్తాడు. చెవులు మాత్రం దేవుడు ఇంకెవరికో చేసినవి పొరపాటున ఇతనికి అతికించినట్టుంటాయి. కుడి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె వేసిన నల్లటి మచ్చ. వయసు ముప్ఫైకి దగ్గరపడింది. మొన్నమొన్నటి దాకా ఇస్త్రీ దుకాణాల్లో నిలబడి బతికినవాణ్ణి, అక్క పోరి పోరి, చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, చదువులో చేర్పించింది. హాస్టల్లో మిగతా అందరూ నూనూగు మీసాల వాళ్ళు. ‘అన్నా’ అంటారు, పక్కనుంచి వెళ్ళిపోతారు. పొద్దున హాస్టల్ బట్టల గదిలో ఇస్త్రీ పని, తర్వాత క్లాసు, సాయంత్రం గదిలో గోడకేసి చూడటం. గోడ కూడా ఇతన్ని చూసి చూసి విసిగిపోయి ఉంటుంది.

పోయినేడాది ఆ ఊరి విశ్వవిద్యాలయం నుంచి ఒక కబురొచ్చింది. హాస్టల్లో దిగేవాళ్ళు బకెట్లు, దిండ్లు, టీ కెటిళ్ళు తీసుకురావద్దు, అన్నీ మేమే ఇస్తాం అని. చదవగానే మనవాడు నేలకి జానెడు పైన నడిచాడు. సీటివ్వకుండా బకెట్టు వద్దని ఎవరంటారు? దరఖాస్తు పెట్టిన ప్రతివాడికీ ఆ కబురు ముందే పంపేస్తారని ఆయనగారికేం తెలుసు? వద్దన్నారు కదా అని బకెట్టు ఎదురుగది కుర్రాడికిచ్చాడు. దిండు తన గదిలోవాడికిచ్చాడు. కెటిల్ బట్టల గదిలో పిన్నికిచ్చాడు. గొడుగు మాటెవరూ అనలేదు గానీ, మా ఊళ్ళో వానలెక్కడివిరా అని అక్క అంది. సరే అదీ గేటు దగ్గర కాపలా తాతకిచ్చాడు. బస్సుల్లో మారిపోకుండా గుర్తుగా పిడికి అక్క ఎర్రదారం చుట్టిన గొడుగు అది.

కుర్రాళ్ళకి ముచ్చటేసింది. తలా కొంత వేసుకుని చక్రాల బ్యాగొకటి కొని, భోజనాల హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. అతను లేచి మాట్లాడాడు. మిమ్మల్ని మర్చిపోలేను అన్నాడు. నిజానికి వాళ్ళలో సగంమంది అతనితో మాట్లాడటం అదే మొదలు. అయినా ఏడ్చాడు. అతను ఏడిస్తే వాళ్ళూ ముక్కులు ఎగబీల్చారు.

ఆ వారంలోనే అసలు జవాబొచ్చింది. కుదరదని.

మర్నాడు పొద్దున తువ్వాలు భుజాన వేసుకుని నీళ్ళ గదికి వెళ్ళి, ఎదురుగది కుర్రాడి స్నానం అయ్యేదాకా నిలబడి, “తమ్ముడూ, ఒకసారి బకెట్టిస్తావా?” అని తన బకెట్టే తాను అడిగి తెచ్చుకున్నాడు. ఆ పూట పడింది పేరు. ఇచ్చినవి ఏ నోటితో వెనక్కి అడుగుతాడు? అడగలేదు. వాళ్ళకీ ఇవ్వాలని తోచలేదు. ఏడాదిగా తన సామాను మధ్య తను పరాయివాడిలా తిరుగుతున్నాడు. చక్రాల బ్యాగు మాత్రం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా మంచం కింద ఉంది. వెళ్ళేవాడికిచ్చింది, వెళ్ళనివాడు ఎలా వాడతాడు?

“ఏం ప్రయాణం, ఇంకా ఇక్కడేనా?”

పిన్ని వచ్చింది. పిన్నంటే చుట్టమేమీ కాదు. ఉతికిన బట్టలు ఆరేసి, ఎండినవి మోసుకొచ్చే మనిషి. బట్టల మూట వెనక మనిషి కనిపించదు, మాట ఒక్కటే వస్తుంది. రోజూ ఇదే పలకరింపు. రోజూ ఇతను “ఇక్కడే పిన్నీ” అంటాడు. ఇవాళా అదే అన్నాడు.

“ఇక్కడే పిన్నీ.”

ఆవిడ మూట కిందపడేసి, కిటికీలో కెటిల్ పెట్టింది. నీళ్ళు మరిగాక ఒక గ్లాసు ఇతని బల్ల మీద టక్కున పెట్టింది.

“తాగు. కెటిల్ నీదే, నీళ్ళు హాస్టల్‌వే, పొడొక్కటే నాది. నాకు దండాలు పెట్టే పనిలేదు.”

అతను గ్లాసు అందుకుంటూ జేబులోకి చూశాడు.

“ఏంటా తొంగిచూడ్డం? పొద్దున్నించి చూస్తున్నా. జేబులో కోడిగానీ పొదుగుతోందా?”

“ఏం లేదు పిన్నీ. టైము చూస్తున్నా.”

“గోడ మీదున్న గడియారం ఏం పాపం చేసింది?”

అతను నవ్వబోయి, నవ్వడం చేతగాక టీ తాగాడు. ఆవిడ అప్పటికే తన ధోరణిలో పడిపోయి, ఎవరో కుర్రాడు జేబులో పెన్ను మర్చిపోయి తొమ్మిది చొక్కాలకి నీలం పూసిన వైనం తిడుతోంది. ఆవిడకి వినేవాళ్ళతో పనిలేదు. అతనికి చెప్పేవాళ్ళు లేరు. అందుకని ఏడాదిగా ఇద్దరికీ బాగానే కుదిరింది.

పని ముగించి క్లాసుకెళ్ళాడు. క్లాసు లేదు. మేడం తలుపుకి తాళం. ఏదో ఊరెళ్ళిందట, రెండ్రోజులదాకా రాదట.

అతను చదివేది మట్టి చదువు. “మట్టి గురించి చదవడానికి ఊరు మారాలా? ఇక్కడ మట్టి లేదా?” అని పోయినేడాది పిన్ని అడిగింది. మట్టి ఉంది. చెప్పేవాళ్ళే లేరు. ఉన్న ఒక్క మేడమూ రేపోమాపో రిటైరయ్యేది. ప్రయోగశాల పేరుతో వరండాలో ఒక అద్దాల బీరువా, అందులో రంగురంగుల మట్టి నింపిన సీసాలు. సీసాల లోపల మట్టి కంటే పైన దుమ్మే ఎక్కువ.

మొదటిసారి ఎందుకు కాదన్నారో చెప్పింది మేడమే. ఇతను రాసింది చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. “ఇక్కడ ఏం లేవో అంతా ఏకరువు పెట్టావు నాయనా. అక్కడ నీకేం కావాలో ఒక్క ముక్క లేదు. అలిగి పుట్టింటికి పోతానన్నట్టుంది. ఎవరు రానిస్తారు?” అంది.

ఈ ఏడాది కూర్చుని మళ్ళీ రాశాడు. అక్క ఇల్లు ఒకప్పటి గుంట. ఎక్కడెక్కడి చెత్తో పోసి పూడ్చి, పైన ఇళ్ళు కట్టారు. పెరట్లో ఆవిడ ఏది నాటినా బతకదు. గులాబీ కొమ్మ గుచ్చుతుంది, పదిరోజులు పచ్చగా ఉంటుంది, పదకొండో రోజు నల్లబడుతుంది. మళ్ళీ గుచ్చుతుంది. ఆ మట్టిలో ఏముందో, ఏం లేదో నాకు తెలుసుకోవాలనుంది అని రాశాడు. అంతే రాశాడు. మేడం చదివి సంతకం పెట్టి, “ఈసారి మాత్రం నోరు కుట్టేసుకో” అంది.

బీరువా ముందు నిలబడి ఎర్రమట్టి సీసా మీద దుమ్ము చూపుడువేలితో గీస్తుండగా జేబులో ఫోను గుర్రుమంది.

చదివాడు. కళ్ళద్దాలు చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఎక్కడైనా బకెట్టు అన్న మాట ఉందేమోనని పై నుంచి కిందిదాకా వెతికాడు. లేదు. సీటు ఇచ్చాం అని ఉంది. ఎవరో చేరతానని చేరలేదు, ఖాళీ అయింది, రేపు పొద్దున్నే వచ్చి చేరాలి, రాకపోతే తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తాం అని ఉంది.

వరండాలో అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఎవరైనా వస్తారేమోనని కాసేపు నిలబడ్డాడు. అవతల మెట్ల మీద ఎవరివో అడుగులు వినిపించాయి, కిందికి దిగిపోయాయి. అక్కకి ఫోన్ చేశాడు.

అక్క ఆసుపత్రిలో పక్కబట్టలు కుడుతుంది. ఫోన్లో ఎప్పుడూ ముందు మిషను మాట్లాడుతుంది, తర్వాత ఆవిడ.

“ఏరా, తిన్నావా?”

“సీటొచ్చింది.”

మిషను ఆగింది.

“బకెట్టు వద్దన్నారా?”

“లేదక్కా. సీటిచ్చారు. రేపు పొద్దున్నే రమ్మన్నారు.”

“ఒట్టు?”

“నీ మీదొట్టు.”

“నా మీదెందుకురా, నీ మీద వేసుకో. అబద్ధమైతే నేను పోవాలా?” అంది ఆవిడ. అని ముక్కు చీదింది. “సాయంత్రం బస్సెక్కెయ్. ఈసారి ఎవరికేం పంచిపెట్టావురా?”

“పంచడానికేం మిగల్లేదక్కా.”

ఆవిడ నవ్వింది. మళ్ళీ మిషను మొదలైంది.

మధ్యాహ్నం బట్టల గదికి తిరిగి వెళ్ళాడు. వెళ్ళాల్సిన పనిలేదు. రేపటి వంతు దుప్పట్లు మూలన గుట్టగా పడున్నాయి. ఇస్త్రీపెట్టె వేడెక్కించి ఆ గుట్ట మీద పడ్డాడు. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, పోటు, మడత. పిన్ని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

“ఏంటివాళ? రేపు రావట్లేదా ఏంటి?”

నోరు కుట్టేసుకోమంది మేడం. కానీ కుట్టిన నోరు ఏడాదిగా కుట్టే ఉంది. ఒక్కళ్ళకైనా చెప్పకపోతే అసలు వెళ్తున్నట్టే అనిపించదు.

“రావట్లేదు పిన్నీ. వెళ్ళిపోతున్నా. సాయంత్రం బస్సుకి.”

పిన్ని రెప్ప వెయ్యకుండా చూసింది. మొహం మెల్లగా మారింది. ముందు పెదాలు వణికాయి, తర్వాత భుజాలు. ఆ పైన ఆవిడ దుప్పట్ల మూట మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

“ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఏడాదిగా మూతి ముడుచుకుని తిరుగుతుంటే మనిషికి నవ్వడమే రాదనుకున్నా. నీ మీద నువ్వే వేసుకుంటావే జోకులు!”

“జోకు కాదు పిన్నీ, నిజంగానే…”

“సర్లే, ఈసారి నాకేమిచ్చి పోతున్నావు? పోయినసారి కెటిలిచ్చావు, గ్లాసులు మర్చిపోయావు.”

ఫోను బయటికి తీశాడు. చూపిస్తే అయిపోతుంది. కానీ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఇతన్నే చూస్తోంది. ఇన్నాళ్ళూ మాట్లాడింది ఇతని పక్కనుంచే. పని ఆపి ఇతనికేసి చూస్తూ మాట్లాడటం ఇదే మొదటిసారి. చూపించాడంటే ఆ నవ్వు ఆగిపోతుంది. అయ్యో, అవునా, ఎప్పుడు అని నాలుగు మర్యాద మాటలొస్తాయి. ఫోను మళ్ళీ జేబులో పడేశాడు.

“గ్లాసులు కొరియర్లో పంపిస్తాలే పిన్నీ. పగిలితే నన్ననకు.”

ఆవిడ మళ్ళీ పడీపడీ నవ్వింది. ఇంటికెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

“పోయిరా నాయనా, క్షేమంగా పోయిరా! పొద్దున మాత్రం కాస్త ముందొచ్చెయ్. గెస్ట్‌హౌస్ కర్టెన్లొస్తున్నాయి.”

అతను చివరి దుప్పటి మడతపెట్టి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, పెట్టె చల్లారేదాకా దాని పక్కనే నిలబడ్డాడు.

గదిలో నలుగురు కుర్రాళ్ళు మంచాల మధ్య నేల మీద పేకాడుతున్నారు. ఇతనితో ఉండేవాడు, ముద్దుపేరు గురక, ఇతని దిండుని ఒళ్ళో పెట్టుకుని దాని మీద ముక్కలు సర్దుకుంటున్నాడు. ప్రయాణం వంగి మంచం కిందనుంచి చక్రాల బ్యాగు లాగాడు. ప్లాస్టిక్ కవరు పరపరా చింపాడు. ఆట ఆగింది.

“ఏంటన్నా, ఎలుక చచ్చిందా?”

“వెళ్తున్నా తమ్ముడూ. సాయంత్రం బస్సు.”

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత నవ్వులకి కప్పు లేచిపోయింది. గురక దిండు గాల్లోకి విసిరేశాడు.

“అన్నా! ఏడాది పట్టిందా నీకు ఈ జోకెయ్యడానికి!”

“బ్యాగు కూడా తీశాడ్రా! అబ్బ, యాక్షన్ చూడు!”

ఎదురుగది కుర్రాడు పరిగెత్తుకొచ్చి, సంగతి విని, “అయితే బకెట్టిక నాదేనా అన్నా?” అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఎవరో ఇతన్ని పట్టుకుని మంచమెక్కించారు. “స్పీచ్! స్పీచ్!”

తల కప్పుకి తగలకుండా వంగి నిలబడ్డాడు. పోయినేడాది చెప్పిన మాటలే నోటికొచ్చాయి. “మిమ్మల్నందర్నీ వదిలి వెళ్తున్నందుకు…” అనేసరికి ఒకడు దొంగ ఏడుపు అందుకున్నాడు. “ఈ గది, ఈ గోడ…” అంటే ఇంకొకడు గోడని కావిలించుకున్నాడు. “గురకా, నువ్వు గురకపెట్టినప్పుడు నాకు భయం వేసేది కాదురా. పక్కన ఎవరో ఉన్నారని తెలిసేది” అన్నాడు. అది పోయినేడాది స్పీచ్‌లో లేదు. దానికి అందరికంటే గట్టిగా గురకే నవ్వాడు. అతనూ నవ్వాడు. ఈ గదిలో తన నవ్వు ఎలా వినిపిస్తుందో అతనికి ఇవాళే తెలిసింది.

నవ్వుకుంటూనే దిగి బట్టలు బ్యాగులో సర్దాడు. అయిదు నిమిషాల పని. వాళ్ళు మళ్ళీ ఆటలో పడ్డారు.

“ఇంత సరదా మనిషివని తెలీదన్నా. రేపట్నించి నువ్వూ ఆటలో ఉండాల్సిందే” అన్నాడు గురక ముక్కలు కలుపుతూ. “ఎక్కడికెళ్తున్నావో వెళ్ళిరా, నీకూ పంచి ఉంచుతా.”

“ఉంచు” అన్నాడు ప్రయాణం.

తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ తలెత్తలేదు. ఆట మంచి పట్టులో ఉంది. నేల మీద గురక అయిదో చేయి కూడా పంచుతున్నాడు. ముక్కలు బోర్లా, ఒకదాని మీద ఒకటి.

బయట వాన మొదలైంది. బ్యాగు చక్రాలు బండల మీద టకటకమంటున్నాయి. బట్టల గదికి తాళం. కిటికీలో కెటిల్ మూతి ఒక్కటే కనిపిస్తోంది. గేటు దగ్గర రేకుల కింద కుర్చీలో కాపలా తాత కాళ్ళు పైకి మడుచుకుని కూర్చున్నాడు.

“ఎక్కడికి ప్రయాణం, ప్రయాణం?”

“ఊరెళ్తున్నా తాతా.”

“వెళ్ళు, వెళ్ళు. పోయినేడాదీ వెళ్ళావుగా” అన్నాడు తాత పళ్ళు లేని నోటితో నవ్వి. తర్వాత ఆకాశంకేసి చూసి, కుర్చీ వెనకనుంచి గొడుగు తీసి చాపాడు. “వేషాలు సరే గానీ, తడిస్తే రొంప పడుతుంది. తీసుకెళ్ళు. పొద్దున్నే తెచ్చివ్వాలి సుమా. నీకు బోలెడు సామాను, నాకున్నదిదొక్కటే.”

ప్రయాణం గొడుగు అందుకున్నాడు. పిడి చేతికి తెలుసు. ఎర్రదారం బొటనవేలి కింద గరుగ్గా తగిలింది.

“తెచ్చిస్తా తాతా.”

బస్సు ఆగే చోటు రోడ్డుకి అవతలే. వానకి అక్కడ ఎవరూ లేరు. గొడుగు కింద, బ్యాగు కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాడు. చప్టా లేని నేల మీద వానచినుకులు చిన్నచిన్న గుంటలు తవ్వుతున్నాయి. ఇది గట్టి నేల, నీళ్ళు దిగవు, పక్కకి పారిపోతాయి అనుకున్నాడు. అక్క పెరడు అలా కాదు. నీళ్ళు పోస్తే చటుక్కున మింగేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. మొదట చూడాల్సింది అదే. హాస్టల్ మేడ మీద తన గది కిటికీలో దీపం వెలుగుతోంది. ఎవరో గెలిచినట్టున్నారు, ఇక్కడిదాకా అరుపు వినిపించింది. పైనుంచి ఎవరైనా ఇటు చూస్తారేమోనని చూశాడు. కిటికీలోంచి చూడాలంటే ఆట ఆపి లేవాలి.

మలుపు దగ్గర బస్సు దీపాలు కనిపించాయి.

బ్యాగు అక్కడే వదిలేసి రోడ్డు దాటి గేటు దగ్గరికి పరిగెత్తాడు. వెనక గేటు వెయ్యడానికి తాత వెళ్ళినట్టున్నాడు, కుర్చీ ఖాళీగా ఉంది. గొడుగు మూసి, విదిలించి, కుర్చీ చేతికి తగిలించాడు. జారిపోతుందేమోనని ఒకసారి సర్దాడు. తిరిగి పరిగెత్తి బస్సెక్కేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది, చెవుల చివరల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“ఏం గురూ, గొడుగు లేదా?” అన్నాడు కండక్టరు.

“ఉంది” అన్నాడు ప్రయాణం. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడానికి పొడిగా ఉన్న గుడ్డ కోసం ఒళ్ళంతా వెతికాడు. “ఉంది. అక్కడుంది.”

బస్సు వెళ్ళిపోయింది. గేటు దగ్గర ఖాళీ కుర్చీకి వేలాడుతున్న గొడుగు మొన నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతూనే ఉన్నాయి గానీ, పిడికి అక్క చుట్టిన ఎర్రదారం మాత్రం, అంతసేపూ అతని పిడికిలి కింద ఉన్నందుకు, ఇంకా పొడిగానే ఉంది.